అత్తగారి గొంతు ఎత్తుకుపోయినవాడు

మునిరత్నమ్మను చంద్రగిరిలో చాలామంది చాలా మాటలన్నారు. నోటి దురుసు మనిషి అన్నారు. పిసినారి అన్నారు. కోడలు ప్రసన్నకుమారి అయితే ఆ రెండూ మనసులో రోజుకొకసారి అనుకునేది. మోసగత్తె అని మాత్రం డెబ్బై ఏళ్ళు దాటినా ఆమెను ఎవరూ అనలేదు. ఆ మాట చిత్తూరు నుంచి ఫోన్లో వచ్చింది.

"నువ్వేనా ఆ రాచ్చిప్పల అవ్వవి?" అని అడిగింది అవతలి మనిషి.

"నేనేనమ్మా. ఏం కావల్ల?"

"కావల్సింది అయిపోయిందిలే. నువ్వు సెప్పినట్టే ఆముదం రాసినా, గంజి పోసినా, అన్నీ సేసినా. ఈ పొద్దు పప్పు పెడితే పటుక్కున రెండు సెక్కలైంది. స్టవ్వు నిండా పప్పే. ఈ వయసులో ఇట్ల మోసం సేసి ఏం కట్టుకుపోతావు?"

పక్కనే గంజి వారుస్తున్న ప్రసన్నకుమారి చేతులు తుడుచుకుని ఫోను లాక్కుంది. పేరు అడిగింది. చంద్రకాంతమ్మ. ఆ పేరుతో వాళ్ళు ఎప్పుడూ పార్సిల్ పంపలేదు.

"మేం మీకు అమ్మలేదమ్మా. ఎవురి కాడో కొన్న్యారు."

"వీడియోలో మాట్లాడింది ఈ గొంతు కాదా? నాకు సెవుల్లేవనుకున్న్యావా? ఎదురింటామె సెప్పింది, ఆ అవ్వ నంబరు నా కాడుండాది, అడుగు పో అని. అడిగితే ఇట్ల." ఆమె ఫోను పెట్టేసింది.

వీడియోలో గొంతు ఏమిటో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. వాళ్ళు చిప్పలమ్మే ఆన్‌లైన్ పేజీలో వీడియో ఉన్న మాట నిజమే. ప్రసన్నకుమారి కూతురు ఐశ్వర్య తీసింది. అందులో చేతులు, చిప్ప, గంజి, పొయ్యి తప్ప మాటలు లేవు. వెనక వీణ పాట ఉంటుంది.

రాచ్చిప్ప అంటే మెత్తని రాతిని తొలిచి చేసిన వంటగిన్నె. పాకాల దారిలో ఏకాంబరం అనే ఆయన చెక్కుతాడు. ఆయన దగ్గర్నుంచి వచ్చేటప్పుడు అది బూడిదరంగులో, పిండి రాలుతూ ఉంటుంది. దాన్ని అట్లాగే మంట మీద పెడితే పగులుతుంది. ముందు ఆముదం, పసుపు పట్టించి నీడలో ఉంచాలి. తర్వాత రోజూ వేడి గంజి పోసి, దానంతట అది చల్లారేదాకా కదపకూడదు. ఆ పైన చిన్న మంట, నీళ్ళు, ఇంకొంచెం మంట. పొయ్యికి అలవాటు పడేకొద్దీ రాయి నల్లబడి నిగనిగలాడుతుంది. ఈ పనంతా కొనేవాళ్ళకు ఓపిక లేదని ప్రసన్నకుమారే ఇంట్లో చేసి, నల్లబడిన చిప్పలనే అమ్మేది. పేజీకి 'మునిరత్నమ్మ రాచ్చిప్పలు' అని పేరు పెట్టింది. అత్త మీద ప్రేమతో కాదు. పని నేర్పింది ఆమె. కొన్నవాళ్ళకు వచ్చే అనుమానాలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పేదీ ఆమే. ఇంట్లో అందరి మీదా విసుక్కునే మునిరత్నమ్మ ఫోన్లో మాత్రం మెత్తగా మాట్లాడేది. కొన్నవాళ్ళు వాళ్ళ చెల్లెళ్ళకు, వదినలకు చెప్పేది ఆ మాట గురించే. ఆ ఇంటి వ్యాపారం నిలబడింది ఆ నోటి మీద.

సాయంత్రానికి ఐశ్వర్య ఆ గొంతున్న వీడియోను పట్టుకుంది. 'అవ్వ రాచ్చిప్పలు' అని వేరే పేజీ. ఫోటోలన్నీ వీళ్ళవే. పెరటి గోడ మీద సున్నం రాలిన చోటుతో సహా. వీడియో కూడా వీళ్ళదే. వీణ తీసేసి గొంతు పెట్టారు.

"దిగులు పడొద్దమ్మా. సిప్పకు పొయ్యిని మెల్లింగా అలవాటు సెయ్యాల. కొత్త కోడలికి ఇల్లు అలవాటు సేసినట్ల."

మునిరత్నమ్మ ఫోను తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. గొంతు ఆమెదే.

"ఈమె నాకు ఇల్లు అలవాటు చేసిన తీరు తెలిస్తే ఒక్కరూ కొనరు," అంది ప్రసన్నకుమారి. తర్వాత అడిగింది, "ఎవురితో మాట్లాడినావత్తా ఇదంతా?"

కొంతసేపటికి మునిరత్నమ్మకు జ్ఞాపకం వచ్చింది. వేసవిలో ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. మదనపల్లె అన్నాడు. వాళ్ళమ్మ పోయిందన్నాడు, ఆమె వాడిన చిప్పను మళ్ళీ పొయ్యెక్కించాలన్నాడు. "అవ్వా, బండి శబ్దానికి వినపడలా, ఇంకోసారి సెప్పు," అని ప్రతి మాటా రెండేసి సార్లు చెప్పించుకున్నాడు. తల్లి లేని బిడ్డ కదా అని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు కూడా చేశాడు. ఆ మాటలు రికార్డు చేసుకున్నది వాడే.

వాడెవడో తెలియడానికి ఎక్కువ కష్టపడనక్కర్లేకపోయింది. ప్రసన్నకుమారి చంద్రకాంతమ్మకు మళ్ళీ ఫోన్ చేసి, తిట్లు తిని, పార్సిల్ డబ్బా ఫోటో తెప్పించుకుంది. డబ్బా మూలలు బొంతగుడ్డతో కట్టి, పైన అడ్డంగా రెండు వరసల టేపు వేసి ఉంది. రాతి సామాను అట్లా కట్టడం ఆమె స్వయంగా ఒకడికి నేర్పింది. తిరుపతి బస్టాండు పక్కన పార్సిల్ కౌంటరు నడిపే సునీల్‌కుమార్. ఆమె సరుకంతా రెండేళ్ళుగా అతని చేతుల మీదే పోతోంది. ఎవరికి పోతోందో, ఏ ఊరికి పోతోందో అతనికి ఆమె కన్నా బాగా తెలుసు.

ఐశ్వర్య ఆ పేజీ మీద ఫిర్యాదు పెట్టింది. ఫోటోలు మీవేనని రుజువు చూపండి అని జవాబు వచ్చింది. గొంతు సంగతి అడిగితే దానికి ఇంకేదో కాగితం కావాలన్నారు. "గొంతుకు పట్టా యాడ తెచ్చేది?" అంది ప్రసన్నకుమారి. ఐశ్వర్య తండ్రి యోగానందది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. మనకెందుకు, వాడి పాపాన వాడే పోతాడు అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే అంటాడు.

ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. చిప్పలు పగిలినవాళ్ళు ఒక్కొక్కరే అవ్వను వెతుక్కుని వస్తున్నారు. మునిరత్నమ్మ ఫోను తీయడం మానేసింది. పెరట్లో కూచుని గంజి పొయ్యమంటే పోస్తుంది, ఎవరు పలకరించినా తల ఊపుతుంది. అత్త నోరు మూతపడితే బాగుండునని పాతికేళ్ళు కోరుకున్న ప్రసన్నకుమారికి ఆ మౌనం భరించరానిదైంది. అత్త మాటకు మళ్ళీ విలువ రావాలి. అది తప్ప వేరే ఏదీ అక్కర్లేదు అనుకుంది.

మర్నాడు పార్సిళ్ళతో తిరుపతి బస్సెక్కింది. రాయి అంటే మిగతా కౌంటర్ల వాళ్ళు తీసుకోరు. తన ఫోటోలు దొంగిలించినవాడికే తన సరుకు అప్పగించాలి.

"రాండక్కా, రాండక్కా," అన్నాడు సునీల్‌కుమార్. "ఏంది, డబ్బాలు తక్కువగా ఉండాయి ఈ తూరి?"

"నా ఫోటోలు తీసెయ్. మా అత్త గొంతు తీసెయ్."

"ఏ అత్త, ఏ గొంతు? అవ్వలంతా అట్లే మాట్లాడతారు కదక్కా. తిరుపతిలో అవ్వలకేమన్నా కరువా?"

వరసలో నిలబడ్డ ఒకాయన నవ్వాడు.

"సచ్చిపోయిన మీ అమ్మ సిప్ప అన్న్యావంట. మీ అమ్మ మొన్న కూడా ఈడ కూసోని టీ తాగతా ఉండింది."

అతని మొహం ఒక్క క్షణం మారింది. వెంటనే సర్దుకున్నాడు. "అక్కా, రాచ్చిప్ప మీ తాత కనిపెట్టినాడా? నువ్వూ ఏకాంబరం కాడే తెస్తావు, నేనూ ఆడే తెస్తా. రెండూ ఒగే కొట్టంలోవి. నీది నల్లగుంటే మహిమ, నాది నల్లగుంటే మోసమా?"

"నీది దేంతో నల్లబడిందో సెప్పు."

"అది నా పని." డబ్బాను తక్కెడ మీద పెడుతూ తల ఎత్తి అడిగాడు, "పగిలే సరుకు అని రాయమంటావా?"

ఆమె డబ్బులిచ్చి రసీదు తీసుకుని వచ్చేసింది. తిరుగు బస్సెక్కింది.

అయితే రెండూ ఒగే కొట్టంలోవి అని అతను అన్న మాట ఆమెను పట్టుకుంది. ఏకాంబరం చెడ్డ చిప్ప ఇవ్వడు. ఇచ్చే ముందు ప్రతి చిప్పనూ బోర్లించి, వేలి కణుపుతో కొట్టి వింటాడు. మంచి రాయి కంచులాగా పలుకుతుంది. లోపల కంటికి కనపడని చీలిక ఉంటే చెక్కలాగా మొద్దుగా వినపడుతుంది. దాన్ని చెవుడు చిప్ప అంటారు. అట్లాంటిది ఆయన చచ్చినా అమ్మడు. మరి సునీల్‌కుమార్ చిప్పలెందుకు పగులుతున్నాయి?

పాకాల దారిలోని ఆ కొట్టానికి పోతున్నానంటే మునిరత్నమ్మ అడక్కుండానే చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

బస్సు దిగి కంచె దగ్గరికి రాగానే ప్రసన్నకుమారికి విషయం అర్థమైంది. ఆ కంచె వెంబడి చెవుడు చిప్పలు బోర్లించి ఉండేవి. ఏకాంబరం చెక్కినవి, వాళ్ళ నాయన చెక్కినవి, ఆయన నాయన చెక్కినవి. బావి దాకా వరస ఉండేది. కోళ్ళు వాటి మీదెక్కి కూచునేవి. ఇప్పుడు వరసలో నాలుగో వంతు కూడా లేదు. మిగతా చోటంతా మట్టి మీద తెల్లటి గుండ్రాలు, వాటి చుట్టూ గడ్డి.

"యాడికి పోయినాయన్నా ఇవి?" అంది.

ఏకాంబరం ఉలి కింద పెట్టలేదు. "పూలకుండీలకని ఆ కౌంటరు అబ్బోడు ఎత్తుకపోయినాడు."

"ఊరికేనా?"

"చేతిలో ఏదో పెట్టినాడు. నేనడగలా."

"ఆ పూలకుండీలకే ఏమేమో పూసి నల్లగా చేసి, ఆముదం రాసి వండుకోండని అమ్ముతా ఉండాడు. మా అత్త గొంతుతో."

ఆయన ఉలి ఆగింది. మునిరత్నమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే కంచె దగ్గర గొంతుక్కూచుని మిగిలిన చిప్పలను ఒక్కొక్కటే కొట్టి వింటోంది. చెవుడు. చెవుడు. ఇదీ చెవుడే. పైకి అంటోందో లోపల అనుకుంటోందో తెలియనంత మెల్లగా.

"నాకా ఫోన్లు అవీ సూసేది రాదు," అన్నాడు ఏకాంబరం. "పూలకుండీలన్న్యాడు, ఇచ్చినా."

"ఉన్నవాటిని పగలగొట్టెయ్."

"పగలగొట్టను."

"ఎందుకు?"

"లోపలంటూ తొలిచినాక అది అన్నం గిన్నె. చేసినోడి చేత్తో పగలగొట్టకూడదు. మా నాయన పగలగొట్టలా. మా తాత పగలగొట్టలా. బోర్లించి పెట్టినారు. అందుకే ఇన్ని ఉండాయి."

"పొయ్యి మీద పేలేది అన్నం గిన్నె యాడయితాదన్నా? రేపు వాడు మళ్ళీ వస్తాడు. నువ్వు మళ్ళీ ఇస్తావు."

"ఇచ్చేది ఇయ్యనిది నా ఇష్టం. నీ పేజీ కోసరం మా తాత చేసినవాటిని పగలగొట్టాల్నా? నువ్వు మాత్రం తక్కువ తిన్న్యావా? నేను చెక్కిన సిప్పకు మీ అత్త పేరు పెట్టి అమ్ముకుంటా ఉండావు. నా పేరు యాడన్నా రాసినావా?"

ఆ మాట నిజం కావడమే ప్రసన్నకుమారికి కోపం తెప్పించిందేమో. ఆయన పక్కనున్న సుత్తి అందుకుని, కంచె దగ్గరికి పోయి, అన్నిటికన్నా పెద్ద చిప్ప మీద బలం కొద్దీ దెబ్బ వేసింది. అది రెండు ముక్కలై పడింది. లోపలి చీలిక అంచు పొడవునా పసుపురంగులో, పాతగా కనపడింది. చెక్కిననాటి నుంచీ అది అక్కడే ఉంది.

ఏకాంబరం లేచి వచ్చాడు. సుత్తిని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. ముక్కల వైపు చూడలేదు.

"పో," అన్నాడు. "ఇంగ ఈ కంచె దాటి లోపలికి రావద్దు."

బస్సులో మునిరత్నమ్మ పనపాకం దాటాక అంది, "చేసినోడి కండ్ల ముందర పగలగొడతావా? నీకు బుద్ధుండాదా?"

"నీ కోసరమే కదత్తా."

"నా కోసరమని నేనడిగితినా?"

ఆమె నోట్లోంచి అన్ని రోజుల తర్వాత వచ్చిన మాటలు అవే.

ఇంట్లో ఉన్న చిప్పలు అయిపోవచ్చాయి. ఏకాంబరం దగ్గర్నుంచి కొత్తవి రావు. సునీల్‌కుమార్ దగ్గర మాత్రం ఆ కంచె వెంబడి ఎత్తుకుపోయిన సరుకు దండిగా ఉంది. అతని పేజీ కింద 'అవ్వ మాట వింటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది' అని జనం రాస్తూనే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ప్రసన్నకుమారి రెండు చేతులూ గంజిలో ఉన్నాయి. ఫోను మోగి ఆగి, మళ్ళీ మోగింది. మునిరత్నమ్మ గొణుక్కుంటూ తీసింది. అవతల ఒక అమ్మాయి, పేరు నవీన. తిట్టడానికి కాదు, అడగడానికే చేసింది. చిప్ప నిన్ననే వచ్చిందట, పొయ్యి మీద పెట్టాలంటే భయంగా ఉందట.

"యాడ కొన్న్యావమ్మా?"

అమ్మాయి చెప్పింది. మునిరత్నమ్మ మొహం గట్టిపడింది. ఫోను పెట్టేస్తుందనుకుంది ప్రసన్నకుమారి. పెట్టలేదు.

"సిప్పను బోర్లించు. గుడ్డ మీద వద్దు, నీ అరచేతి మీద పెట్టుకో. వేలు మడిచి కణుపుతో అడుగున కొట్టు. ఫోను దగ్గర పెట్టు. ఊఁ. ఇంకోసారి."

పెరట్లో చప్పుడు లేదు. ఫోన్లోంచి టక్, టక్ మని మొద్దుగా రెండు దెబ్బలు ప్రసన్నకుమారికి కూడా వినపడ్డాయి.

"సెవుడు. పొయ్యి మీద పెట్టొద్దమ్మా, పగులుతాది. అమ్మినోడికి తిప్పి పంపించెయ్."

"మీ వీడియో చూసే కొన్నానవ్వా."

"గొంతు నాది. సిప్ప నాది కాదు."

ఆ సాయంత్రం ఐశ్వర్య చేత పేజీలో ఒకే ఒక్క మాట రాయించింది ప్రసన్నకుమారి: రాచ్చిప్ప ఎక్కడ కొన్నా సరే, అవ్వకు ఫోన్ చేసి కొట్టి వినిపించండి, పొయ్యెక్కించవచ్చో లేదో చెబుతుంది. కింద నంబరు.

ఇక సునీల్‌కుమార్ ఎంత గట్టిగా ఆ గొంతు వినిపిస్తే అంతమంది ఆ గొంతును వెతుక్కుంటూ వచ్చారు. మునిరత్నమ్మ ఉదయం కాఫీ తాగి ఫోను ముందు కూచునేది. కొట్టమ్మా. ఇంకోసారి. సెవుడు. తిప్పి పంపించు. ఆమె గొంతులో పాత మెత్తదనం మళ్ళీ వచ్చింది, ఇంట్లోవాళ్ళ మీద పాత విసుగు కూడా వచ్చింది. తిరిగొచ్చిన డబ్బాలు కౌంటరు ముందు గోడకు ఆనించి పేర్చి ఉండటం ప్రసన్నకుమారి కళ్ళారా చూసింది. పార్సిళ్ళు వేయడానికి వచ్చినవాళ్ళు అవేమిటని అడుగుతున్నారు. ఆమె తన డబ్బా తక్కెడ మీద పెట్టింది. అతను తూకం చూసి రసీదు రాశాడు.

అత్తాకోడళ్ళకు గొడవ వచ్చింది ఇంకో విషయం మీద. ఏకాంబరం దగ్గర కొన్న మంచివి కూడా కొన్ని కలిపి అమ్ముతున్నాడేమో, ఒకరోజు అతని చిప్పే ఒకటి ఫోన్లో కంచులాగా మోగింది. "మంచిది, భయం లేదు, వండుకో," అంది మునిరత్నమ్మ.

"వాడి సిప్పను మంచిదంటావా?" అంది ప్రసన్నకుమారి. "వాడి కోసరం నువ్వు మాట సాయం సేస్తా ఉండావా?"

"మంచిదాన్ని సెవుడనమంటావా?"

"నువ్వు ఏదన్నా వాడు నీ గొంతు దొంగిలించినోడే కదా."

"అందుకని నేను అబద్ధం సెప్పాల్నా? వాడు నా గొంతే ఎత్తకపోయినాడు. సెవి నా కాడే ఉండాది. దాన్ని నువ్వు ఎత్తకపోతావా?"

ప్రసన్నకుమారి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఏకాంబరం దగ్గర్నుంచి ఆటోలో చిప్పలు వచ్చాయి. ఉత్తరం లేదు, ఫోన్ లేదు. ఆటో అతను చెప్పాడు, కంచె దగ్గరున్న చెవుడు చిప్పలన్నిటికీ ముసలాయన అడుగున బొటనవేలు పట్టేంత బొక్క వేస్తున్నాడని. పగలగొట్టలేదు. మళ్ళీ ఎవరూ పొయ్యెక్కించలేకుండా చేశాడు. ఐశ్వర్య పేజీలో చెక్కినవారు ఏకాంబరం అని చేర్చింది. ఆయన చూడడని తెలిసినా ప్రసన్నకుమారే చేర్చమంది. కంచె లోపలికి మాత్రం ఆమెను ఆయన ఈ రోజుకూ రానివ్వలేదు.

సునీల్‌కుమార్ ఒక ఆదివారం బండి మీద చంద్రగిరి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

"అక్కా, ఒక మాట. వీడియో తీసేస్తా. గొంతు తీసేస్తా, ఫోటోలు తీసేస్తా. అవ్వను ఆ కొట్టి సెప్పేది ఆపమను. నా బతుకు బజార్న పడింది."

ప్రసన్నకుమారి ఒప్పుకోబోయింది. మొదటిరోజు కౌంటరు దగ్గర ఆమె అడిగింది ఇదే కదా. నోరు తెరిచేలోపల పెరట్లోంచి మునిరత్నమ్మ వచ్చింది.

"తీయొద్దు," అంది.

"ఏందవ్వా?"

"నా గొంతు తీయొద్దు. ఉండనీ. అది ఇనే కదా అందురూ నా కాడికి వచ్చేది."

"పోలీసు స్టేషనుకు పోతానవ్వా. నా యాపారం సెడగొడతా ఉండావని రాసిస్తా."

"పో. నేనూ వస్తా. ఆడ కూడా కొట్టి ఇనిపిస్తా."

అతను ఏదో అనబోతుండగా ఆమె చేతిలో ఫోను మోగింది. ఎత్తింది. అతన్ని మాట్లాడొద్దని అరచేయి చూపించింది.

"ఆఁ, సెప్పమ్మా. యాడ కొన్న్యావు? సరే. బోర్లించు."

గేటుకు అటు అతను, ఇటు ప్రసన్నకుమారి, ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. ఎవరి చిప్పో అతనికి అర్థమైనట్టుంది. మెడ కొంచెం ముందుకు చాచాడు. ఫోన్లోంచి ఖణేలుమని ఒకసారి, మళ్ళీ ఒకసారి వినపడింది.

"మంచిదమ్మా," అంది మునిరత్నమ్మ. "ఒక వారం గంజి పోసి వండుకో. దిగులు పడొద్దు."

సునీల్‌కుమార్ మొహం విచ్చుకుంది. "ఇన్న్యావా అక్కా? మంచిదే అనింది. నా సిప్పే అది."

"ఇట్లాటివే అమ్ము," అంది మునిరత్నమ్మ. "రేపు వచ్చేదాన్ని కూడా ఇంటా."

ప్రసన్నకుమారి గేటు గడియ వేసి లోపలికి పోయింది. అతని బండి స్టార్టవడానికి చాలాసేపు పట్టింది. అంతలో ఫోను ఇంకోసారి మోగింది.